మాటల్లేని నలభై నిమిషాలు

"నవ్వింది అని రాయొచ్చు తమ్ముడూ. సంతోషంగా నవ్వింది అని రాయకూడదు. సంతోషం నీకెక్కడ కనబడింది, పళ్ళు కదా కనబడ్డాయి, అంటుంది మా పెద్ద మేడం."

అక్క చొక్కా కాలరు వెనక్కి తిప్పి దాని మీద నీళ్ళు చిలకరించింది. ఇస్త్రీపెట్టె ఇంకా వేడెక్కలేదు.

"మరి ఏడిస్తే?" అన్నాను.

"ఏడిస్తే ఏడ్చింది అనొచ్చు. నీళ్ళు కనబడతాయి కాబట్టి. బెంగపెట్టుకుంది అన్నావో, ఎర్రసిరా గీత."

లోపలి గదిలోంచి ఆమె అత్తగారి గొంతు వినబడింది. "ఎంతసేపూ రాయకూడనివే చెబుతావు. రాసేదేమిటో ఒక్కసారీ చెప్పవేం?"

"మీరు నిద్రపోతున్నారనుకున్నాను అత్తయ్యా."

"కళ్ళు మూసుకున్నాను. నిద్రపోయిందని రాసుకునేవు."

అక్క ఇస్త్రీపెట్టె అడుగున వేలితో తడి తాకించి చూసింది. చుయ్యిమంది. చొక్కా మీద పెట్టింది.

ఆమె మా పై వాటాలో ఉంటుంది. మా మధ్య చుట్టరికమేమీ లేదు. నేను అద్దెకు దిగిన మొదటి వారం నీళ్ళ మోటారు స్విచ్చి ఎక్కడుందో చూపించింది, అప్పటినుంచి అక్కా తమ్ముడూ. బావగారికి బస్టాండు పక్కన తాళాల దుకాణం ఉంది. కూతురు హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరూ, ఆయన తల్లీ.

అక్క పనిచేసేది ప్రభుత్వ కుటుంబ సేవల కార్యాలయంలో. హోదా సహాయకురాలు. అంతకంటే కింద అక్కడ ఇంకో మెట్టు లేదు. అంతకుముందు పదకొండేళ్ళు పసిపిల్లల బడిలో ఆయాగా చేసింది. నలభై రెండో ఏట ఈ ఉద్యోగానికి పరీక్ష రాసింది. శాతాల లెక్కలు కూతురే నేర్పింది. "చిన్నప్పుడు ఎక్కాలు రాలేదని దాన్ని రెండు దెబ్బలేశాను. వడ్డీతో సహా తీర్చుకుంది" అంటుంది అక్క. ఉద్యోగం వచ్చిందని చెప్పినరోజు అత్తగారు ఒక్కటే అడిగిందట, "కుర్చీ ఇస్తారా?" అని. ఇస్తారంటే వీధంతా చెప్పుకుంది. కుర్చీలో కూర్చోవడమే ఆ ఉద్యోగమని తర్వాత తెలిసింది. పైగా అది కుర్చీ కాదు, స్టూలు.

ఏ కారణం చేతనైనా పిల్లల్ని కన్నవాళ్ళనుంచి వేరుచేసి బంధువుల దగ్గరో, హోములోనో ఉంచితే, ఆ కన్నవాళ్ళు వారానికో గంట వచ్చి బిడ్డను చూసుకోవచ్చు. ఆ గంట ఈ కార్యాలయంలోనే, ఒక గదిలో గడుస్తుంది. ఆ గదిలో మూడో మనిషి ఒకరుండాలి. ఆ మూడో మనిషే అక్క.

నేనా గది చూడలేదు. అయినా కళ్ళు మూసుకుని అందులో నడవగలను, అన్నిసార్లు విన్నాను. పన్నెండడుగుల పొడవు, పది వెడల్పు. నీలం రెగ్జిను సోఫా, దాని ఒక చేతి మీద చిరుగు, చిరుగు మీద ప్లాస్టరు. ఒక పొట్టి బల్ల, రెండు పొట్టి కుర్చీలు. పెద్దవాళ్ళు వాటిలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. కిటికీ కింద బొమ్మల బుట్ట. ప్రతి గంటకు ముందూ అక్క ఆ బొమ్మల్ని సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో తుడుస్తుంది. గోడగడియారం ఒకప్పుడు సోఫాకు ఎదురుగా ఉండేది. వచ్చినవాళ్ళు పిల్లల్ని చూడడం మానేసి దాన్నే చూస్తున్నారని అక్క ఒకరోజు స్టూలెక్కి దాన్ని సోఫా వెనకవైపు గోడకు మార్చింది. అనుమతి లేకుండా సామాను జరిపినందుకు మెమో ఇచ్చారు. గడియారాన్ని మాత్రం మళ్ళీ ఎవరూ కదపలేదు.

ఆమె నింపే కాగితంలో రెండే గడులు. ఎడమ గడిలో టైము, కుడి గడిలో జరిగింది. పది నిమిషాలకొక వరస, గంటకు ఆరు. అడుగున ఆమె సంతకం, వచ్చినవాళ్ళ సంతకం. మధ్యలో ఆమె నోరు మెదపకూడదు. బిడ్డకు దెబ్బ తగిలేలా ఉంటే తప్ప.

నింపిన కాగితాలు తీసుకుని ముద్ర వేసే గుమస్తాను ఆఫీసంతా స్టాంపు అనే పిలుస్తారు. అతని అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఇంకెక్కడా కనబడదట. రోజూ అక్కను ఒకే మాటతో పలకరిస్తాడు.

"ఏమ్మా సీసీ కెమెరా, ఇవాళ ఏం కనబడింది?"

"నీ బట్టతల కనబడింది. రాసుకోమంటావా?"

మొదటి నెల ఆమె కాగితాలన్నీ ఎర్రసిరాతో తిరిగొచ్చాయి. తండ్రి ప్రేమగా తల నిమిరాడు అని రాస్తే 'ప్రేమగా' పోయింది. తల్లి కంగారుగా లేచింది అంటే 'కంగారుగా' పోయింది. ఒకసారి, తల్లీ కొడుకూ ఆడుకున్నారు అని రాసింది. పెద్ద మేడం పిలిపించింది.

"దేంతో ఆడుకున్నారు?"

"ఉత్తినే మేడం. చేతుల్తో."

"బొమ్మ లేదు, బంతి లేదు, ఆట అని నీకెలా తెలుసు? నీకు ఆటలా అనిపించింది. అవతలివాళ్ళ లాయరుకు వెక్కిరింతలా అనిపించొచ్చు. చేతిలో వస్తువు ఉంటేనే ఆట అని రాయి. లేకపోతే ఏం కనబడిందో అది రాయి."

ఆ మేడం పట్టుదలకు కారణం ఉంది. అక్కకంటే ముందు అక్కడ చేసినామె ఒక పిల్ల గురించి 'తండ్రిని చూసి భయపడింది' అని రాసింది. ఆ ఒక్క మాట మీద ఆ పిల్ల ఆర్నెల్లు తండ్రికి దూరంగా ఉంది. తీరా చూస్తే ఆ పిల్ల ఆరోజు కళ్ళజోడు మర్చిపోయి వచ్చింది, కళ్ళు చికిలించి చూసింది, అంతే. "అందుకే నాకు ఆవిడ మీద కోపం రాదు" అంది అక్క. "రూలు మంచిదే. నేనే దాన్ని మరీ బాగా నేర్చుకున్నాను."

చొక్కా మడిచి పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకోలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం సంగతులు వింటున్నాను గానీ, ఫలానా వాళ్ళ కథ అని ఆమె ఎన్నడూ ఒకటి పట్టుకుని చెప్పలేదు.

"పేర్లు అడక్కు" అంది.

"అడగను."

"ఒక మెకానిక్కు. ఆరేళ్ళ కూతురు. వచ్చే సోమవారం ఆ పిల్ల ఎక్కడుండాలో తేలుస్తారు. తండ్రి దగ్గరికి పంపుతారో, పెద్దమ్మ వాళ్ళతో వేరే ఊరు పంపించేస్తారో. పంపించేస్తే ఇక పంపించేసినట్టే."

ఆమె చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తే చాలా అవుతుంది. మధ్యలో అత్తగారితో వాదనలున్నాయి, కరెంటు పోయి రావడం ఉంది. సంగతి ఇది.

ఆ మెకానిక్కు భార్య రెండేళ్ళ కిందట జబ్బుచేసి పోయింది. అతను షెడ్డుకు వెళ్తూ పిల్లను ఇంట్లో పెట్టి బయట తాళం వేసి వెళ్ళేవాడు. మధ్యాహ్నం ఒకసారి వచ్చి అన్నం పెట్టి మళ్ళీ తాళం వేసేవాడు. ఎదురింటివాళ్ళు చూసి చూసి కబురు పెట్టారు. ఆఫీసు వాళ్ళు వచ్చి పిల్లను తీసుకెళ్ళి, తల్లికి అక్కగారైన పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. పెద్దమ్మకు పిల్లల్లేరు. మంచి మనిషి. జడ వేస్తుంది, బడికి దింపుతుంది, ప్రతి శనివారం ఠంచనుగా పదింటికి పిల్లను తెచ్చి కింద బెంచీ మీద కూర్చుంటుంది. ఆమె భర్తకు వేరే ఊరు బదిలీ అయింది. పిల్లను తమకే ఇచ్చేస్తే పెంచుకుంటామని కాగితం పెట్టారు.

మెకానిక్కు ఆఫీసు చెప్పినవన్నీ చేశాడు. షెడ్డు వెనకే గది తీసుకున్నాడు. పక్కింటి ముసలామె తను లేనప్పుడు పిల్లను చూసేలా ఒప్పించి, ఆమెచేత సంతకం పెట్టించి ఇచ్చాడు. ఇక మిగిలింది ఆరు శనివారాలు, ఆరు గంటలు. తండ్రికీ పిల్లకూ మధ్య ఎలా ఉందో ఆ ఆరు కాగితాలూ చెప్పాలి.

"మొదటి వారం బాగానే గడిచింది" అంది అక్క. "పాడైన బొమ్మకారు ఒకటి తీసి స్క్రూలన్నీ విప్పాడు, పిల్ల అరచేతిలో పట్టుకుంది, మళ్ళీ బిగించాడు. చేతిలో వస్తువుంది కదా, ఆట అని దర్జాగా రాశాను. రెండో వారం వచ్చీరాగానే అతను ఒక వేలు పైకెత్తాడు. పిల్ల గబుక్కున నోరు మూసుకుంది. అంతే. ఇద్దరూ ఎదురెదురుగా ఆ పొట్టి కుర్చీల్లో కూర్చున్నారు. పలుకూ లేదు, ఉలుకూ లేదు. పిల్ల బుగ్గలు పూరిస్తుంది, ఆయన కనుబొమలు ఎగరేస్తాడు. ఈవిడ పెదాలు కొరుక్కుంటుంది, ఆయన పైకప్పు చూస్తాడు."

"ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు ఓడిపోయినట్టు" అన్నాను.

"నీకు స్టూలు మీద కూర్చోకుండానే తెలిసిపోయింది. నాకూ రెండో నిమిషంలోనే తెలిసింది, పదకొండేళ్ళు పిల్లల మధ్య బతికినదాన్ని. కానీ చేతిలో వస్తువు లేదే! ఏం రాయను? పది నిమిషాలయ్యింది. 'మాటల్లేవు' అని రాశాను. ఇంకో పది. 'మాటల్లేవు.' అట్లా నాలుగు వరసలు."

"బుగ్గలు పూరించింది, కనుబొమలు ఎగరేశాడు, అవి రాయొచ్చు కదా? కనబడ్డవే కదా."

అక్క మడిచిన చొక్కా కాలరు మళ్ళీ సాపు చేసింది.

"రాయొచ్చు" అంది. "రాయొచ్చని నాకు తట్టలేదు. మాటలున్నాయా లేవా అన్నదే చూశాను. తప్పెక్కడుందంటే అక్కడుంది, తమ్ముడూ. రూలులో లేదు."

గంట అయ్యాక సంతకానికి కాగితం ఇచ్చినప్పుడు మెకానిక్కు ప్రతి వరసా వేలు పెట్టి చదివాడట. నాలుగుసార్లూ 'మాటల్లేవు' చదివి నవ్వాడు. పిల్లకు చూపించాడు. "చూశావా, నాలుగుసార్లు రాశారు. ఇవాళ రికార్డు మనదే" అన్నాడు. పిల్ల ఆ నాలుగు వరసల్నీ వేలితో తడిమింది. అతను సంతకం పెట్టి, "అన్నీ సరిగ్గా రాశారు మేడం" అన్నాడు. ఆఫీసు మొత్తంలో అక్కను మేడం అనేది అతనొక్కడే.

మూడో వారం మళ్ళీ అదే. నాలుగో వారం పిల్లకు జలుబు, ఒళ్ళో పడుకుంది. ఐదో వారం మళ్ళీ అదే, మళ్ళీ నాలుగు వరసలు. ఆ కాగితం వాళ్ళిద్దరికీ గెలుపోటముల పట్టీ అయిపోయింది.

ఐదో వారం దాటిన గురువారం ఆమెను జెరాక్సు గదికి పంపారు. సోమవారాల్లో కూర్చునే కమిటీకి నలుగురు సభ్యులు. ఫైలు నాలుగు కాపీలు తియ్యాలి. కాపీలు తియ్యడం, పిన్నులు కొట్టడం, మూలలు సరిచెయ్యడం సహాయకురాలి పనే. మిషను ఒక్కో కాగితాన్నీ వెచ్చగా బయటికి తోస్తుంటే, అలవాటు కొద్దీ సరిగ్గా పడిందా లేదా అని చూస్తోంది. సారాంశం పేజీలో ఇలా ఉంది: తండ్రీకూతుళ్ళ మధ్య సంభాషణ చాలా తక్కువ. ఐదింట మూడు కలయికల్లో నలభై నిమిషాల చొప్పున మాటల్లేవు. అనుబంధం బలహీనం. బాలికను పెద్దమ్మ కుటుంబానికి అప్పగించడం మేలు.

"కింద ఆధారం అని నా కాగితాల నంబర్లు" అంది అక్క. "నా రాత. నా సంతకం. మిషను ఆపడం కూడా మర్చిపోయాను. నాలుక్కి బదులు తొమ్మిది కాపీలు వచ్చాయి."

లోపలినుంచి అత్తగారు అందుకుంది. "అయితే ఏం? పెద్దమ్మ దగ్గరుంటే వేళకు తింటుంది, తలకు నూనె ఉంటుంది. ఆ మగవాడు ఏం పెంచుతాడు? మీ ఆయనకు ఇప్పటికీ అన్నం గిన్నె ఎక్కడుందో తెలీదు."

"ఆయన్ని పెంచింది మీరే కదా అత్తయ్యా."

"అందుకే చెబుతున్నా."

"పిల్ల ఎక్కడుండాలో నేను చెప్పను. అది నా పని కాదు. పెద్దమ్మ దగ్గరే ఉండాలంటే ఉండనీ. కానీ నా నాలుగు వరసలు చూసి, తండ్రికి పిల్ల పట్టదు అనుకుని పంపిస్తే? ఉన్నది ఉన్నట్టు చదివి పంపిస్తే నాకు నిద్ర పడుతుంది."

లోపల మంచం కిర్రుమంది.

అక్క ఆ గురువారమే పెద్ద మేడం గదికి వెళ్ళింది. అక్కడ బల్లకు ఇవతలివైపు కుర్చీ ఉంటుంది గానీ సహాయకురాలు అందులో కూర్చోదు. నిలబడే చెప్పింది, అది మౌనం కాదని, ఆట అని.

"ఎలా తెలుసు?" అంది మేడం.

"చూస్తే తెలుస్తుంది మేడం."

"చూస్తే తెలిసేదైతే నీ కాగితంలో ఉండేది."

"కాగితానికి ఒక ముక్క అంటిస్తాను. వివరణ అని."

"ముద్ర పడ్డాక మూడు రోజులే గడువు. ఆఖరి దానికీ ముద్ర పడి ఐదు రోజులైంది." మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "శనివారం ఇంకో గంట ఉంది కదా. ఏమైనా కనబడితే రాయి. నువ్వు అనుకున్నది కాదు. వాళ్ళు చెప్పింది, చేసింది."

బయటికి రాగానే స్టాంపు ఎదురయ్యాడు. విషయం అప్పటికే అతనికి తెలిసింది. "నీకింకా రెండు నెలలుంది కదమ్మా పర్మనెంటు కావడానికి?" అన్నాడు. "నోరు కుట్టేసుకుని కూర్చో. నేను పద్దెనిమిదేళ్ళుగా ముద్ర కొడుతున్నాను, ఒక్కటి చదవలేదు. చూడు, బీపీ లేదు, షుగరు లేదు."

"జుట్టూ లేదు" అంది అక్క.

శనివారం వచ్చింది. మెకానిక్కు తలకు పెట్టుకునే పసుపు బ్యాండు ఒకటి తెచ్చాడు. పిల్ల పెట్టుకుంది. సోఫా మీదికి ఎక్కి దిగింది. బడిలో ఎవరో పెన్సిలు విరగ్గొట్టారని చెప్పింది. అక్క ఆ రెండు వరసలూ నింపింది. మాటలున్నాయి. ఇలాగే గంట గడిస్తే చాలనుకుంది. ఇరవయ్యో నిమిషంలో అతను వేలెత్తాడు.

"వద్దురా నాయనా, ఇవాళ మాట్లాడు, రామచిలకలా వాగు, అని లోపల్లోపల అనుకుంటున్నాను. ఆయనకేం తెలుసు? తన కాగితాలు ఎక్కడికి వెళ్తాయో, ఎవరు చదువుతారో అతనికి ఎవరూ చెప్పలేదు. మనం చెప్పకూడదు. ముప్ఫయ్యో నిమిషం వచ్చింది. పెన్ను పెట్టాను. 'మా' అని రాశాను. ముందుకు సాగలేదు."

"అప్పుడు?"

"అప్పుడు నోరు జారాను. జారలేదు, కావాలనే అన్నాను. 'ఎవరు గెలుస్తున్నారు?' అన్నాను."

పిల్ల తల గిర్రున తిప్పింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేకపోయింది.

"ఆంటీ ఓడిపోయింది!"

"నువ్వూ ఓడిపోయావు. మాట్లాడేశావు" అన్నాడు తండ్రి.

"ఆంటీ ముందు మాట్లాడింది. ఆంటీయే ముందు ఓడింది. నేను రెండో ఓటమి."

"రెండో ఓటమి అని ఒకటి ఉండదు."

"ఉంటుంది. మనింట్లో ఉంటుంది."

ఎటూ తప్పు జరిగిపోయింది, ఇంకో తప్పుతో పెద్దగా పెరిగేదేమీ లేదని అక్క రెండో ప్రశ్న వేసింది. "ఈ ఆట ఎవరు నేర్పారమ్మా?"

"ఎవరూ నేర్పలేదు. అమ్మకి తలనొప్పి వస్తే ఆడతాం. చప్పుడు చేస్తే అమ్మ నిద్ర లేచేస్తుంది కదా."

తండ్రి సోఫా చేతి మీద ఊడొచ్చిన ప్లాస్టరును బొటనవేలితో నొక్కి అతికించాడు. పిల్ల బ్యాండు సరిచేసుకుని, "ఇంకో ఆట" అంది. ఆ గంట అయిపోయేదాకా వాళ్ళు బొమ్మకారుతో ఆడారు.

అక్క అంతా రాసింది. తన రెండు ప్రశ్నలూ, వాటికొచ్చిన జవాబులూ, అన్నవి అన్నట్టు. గడి చాలక వెనకవైపుకు వెళ్ళింది. 'మా' అన్న అక్షరాన్ని కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేసింది, కొట్టివేతలకు అది రూలు కాబట్టి. స్టాంపు ఆ కాగితాన్ని, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారేమో, ముద్ర కొట్టకుండా కాసేపు పట్టుకున్నాడట. "ప్రశ్నలు రాయకు. జవాబులు మాత్రం ఉంచు. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నేను అడగ్గా చెప్పిందాన్ని తనంతట తానే చెప్పిందని రాయాలా? అప్పుడది అబద్ధం అవుతుంది కదా బాబూ."

"మీ ఇంటిల్లిపాదీ ఇంతేనా?"

"మా ఆయన తాళాలు బాగుచేస్తాడు. దొంగతాళాలు చెయ్యడు."

సోమవారం ఉదయం పెద్ద మేడం ఆమెను కూర్చోమంది. ఆ కుర్చీలో అదే మొదటిసారి. కూర్చోమన్నప్పుడే అర్థమైపోయిందంది అక్క. ఆరో కాగితం ఫైలులో ఉంటుంది గానీ లెక్కలోకి రాదు. సిబ్బంది జోక్యం చేసుకున్నాక వచ్చిన మాటలను కమిటీ ఆధారంగా తీసుకోదు. సారాంశం మారదు. అక్క పర్మనెంటు కావడం ఆర్నెల్లు వెనక్కి జరిగింది. ఆ రోజు నుంచి ఆమె ముందు హాల్లో ఫారాల కౌంటరులో కూర్చోవాలి. ఆ కుటుంబంతో ఏ విధంగానూ మాట్లాడకూడదు.

"నువ్వు అడక్కపోతే ఆ పిల్ల చెప్పేదా?" అని అడిగిందట మేడం.

"చెప్పేది కాదు మేడం."

"అదే నా బాధ కూడా" అంది మేడం. ఆ మాట ఎందుకందో అక్కకు అర్థం కాలేదు. అర్థమైనట్టు నాకు చెప్పనూ లేదు.

ఈ కౌంటరు కథ కొత్తది, నాలుగు రోజులదే. ఇప్పుడు ఆమెకు నిజంగానే కుర్చీ ఉంది, చక్రాల కుర్చీ, ఒక చక్రం తిరగదు. అద్దంలో చెయ్యి పట్టేంత రంధ్రం. వెనక గోడ నిండా అరలు, అరల్లో ఫారాలు, ఒకటో నంబరు నుంచి నలభై రెండో నంబరు దాకా. వచ్చినవాళ్ళు నంబరు చెబితే ఇవ్వాలి. చెప్పకపోతే ఏ పని మీద వచ్చారో చెప్పమని పక్క కౌంటరుకు పంపాలి. మొదటి రోజు పనిలేక అరలన్నీ దులిపింది. పదిహేడో నంబరు అరలో కట్ట మీద కాగితపు పట్టీ కూడా విప్పి లేదు. అచ్చయి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, అంచులు పసుపెక్కి.

"ఏమిటది?" అన్నాను.

"తల్లిదండ్రుల వాంగ్మూలం. కలయికల గురించి వాళ్ళ మాట వాళ్ళే రాసుకోవచ్చు. కమిటీ కూర్చునే రోజుకు ముందటి పనిదినం సాయంత్రం ఐదులోపల కౌంటరులో ఇస్తే ఫైలులో పెట్టి తీరాలి. పెడితే వాళ్ళను లోపలికి పిలిచి అడిగి తీరాలి. రూల్సు పుస్తకంలో ఉంది, రెండుసార్లు చదివాను. ఆ ఫారం ఉందని ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టి ఎవరూ అడగరు. అడగరు కాబట్టి నేను ఇవ్వను."

"కమిటీ వచ్చే సోమవారం అన్నావు."

"అంటే రేపు శుక్రవారం ఐదింటిదాకా. శనివారం కలయికల గదే తీస్తారు, కౌంటరు తియ్యరు."

ఆమె మళ్ళీ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది. కూతురిదేమో, తెల్ల కోటు తీసి బల్ల మీద పరిచింది. జేబు లోపలి గుడ్డ బయటికి లాగి చేత్తో సాపు చేసింది.

"ఎవరైనా వచ్చి పదిహేడో నంబరు కావాలంటే తీసి ఇవ్వడం నా పని. నువ్వెవరు, ఎందుకు, అని అడగడానికి కూడా లేదు. అడగమని వాళ్ళకు చెప్పడం నా పని కాదు. చెబితే ఈసారి ఇంటికే పంపిస్తారు."

"నన్ను చెప్పమంటావు."

"నేనేం అనలేదు. మార్కెట్టు వెనక ఇనపసామాన్ల వీధి ఉంది కదా, దాని చివర రేకుల షెడ్డు. బయట పాత టైర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంటుంది మనిషికి."

లోపలినుంచి అత్తగారు, "చీకటి పడకముందే వెళ్ళమను. ఆ వీధిలో లైట్లుండవు" అంది.

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. తలుపు తీసేసరికి అక్క ఇస్త్రీపెట్టె పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది, తీగ చాలినంత మేర.

"ఏడింటికి మూసేస్తాడు. నీ బండి మీద వెళ్ళకు, చూడగానే విప్పడం మొదలుపెడతాడు, మాట వినడు. నడిచే వెళ్ళు. రేపు ఐదులోపల, ఎంత తొందరగా వస్తే అంత మంచిది, ముందు హాల్లో మొదటి కౌంటరుకు వచ్చి పదిహేడో నంబరు కావాలని అడగమను. నంబరు అతనిచేత రెండుసార్లు అనిపించు. ఏం రాయాలని అడుగుతాడు. నాకు తెలీదు అని చెప్పు. ఆ ఒక్కటీ మాత్రం చెప్పకు తమ్ముడూ, అది అతనే రాయాలి."